ఇంటి అడ్రసు ఎవరెవరికి?

పచ్చళ్లు పెట్టి అమ్ముకునే ఇల్లాలికి సొంత వెబ్‌సైటు ఎందుకని అడిగే రోజులు పోయాయి. ఆవకాయకీ గోంగూరకీ గిరాకీ అమెరికా దాకా ఉంది. మంచి పేరు ఎంచుకుని డబ్బు కట్టబోతే ఒక ఫారం ఎదురవుతుంది. పేరు, ఇంటి నంబరు, వీధి, ఫోను, ఈ-మెయిలు. కరెంటు కనెక్షనుకి రాసినట్టే ఆమె అన్నీ నిజాలే రాస్తుంది. ఆ కాగితం ఆఫీసు బీరువాలో పడి ఉండే రకమో కాదో ఆమెకి ఎవరూ చెప్పరు.

2018కి ముందైతే కొన్నాళ్లకే ఫోన్లు మొదలయ్యేవి. ‘మేడమ్, సైటు డిజైన్ చేసిపెడతాం’, ‘గూగుల్‌లో మొదటి పేజీలో నిలబెడతాం’... పోపు వేస్తున్నప్పుడు, పూజలో ఉన్నప్పుడు కూడా. నంబరు ఎవరిచ్చారని ఇంట్లోవాళ్లని అనుమానించి లాభం లేదు. ‘హూయిజ్’ అనే జాబితాలో సైటు పేరు కొడితే చాలు, యజమాని ఇంటి గుమ్మం దాకా వివరాలు కనిపించేవి. ఫోన్లంటే విసుగు, అంతే. ఒంటరిగా ఉండే ఓ అమ్మాయి తన సైటులో నిక్కచ్చిగా ఏదో రాసిందనుకోండి, ఎవడికో ఒళ్లు మండిందనుకోండి. వాడికి కావలసిన అడ్రసు కూడా అక్కడే ఉండేది.

ఈ జాబితా పెట్టినవాళ్లకి దురుద్దేశమేమీ లేదు. 1982లో దీని నియమాలు రాసినప్పుడు అర్పానెట్ వాడేది పరిశోధకులు, సైనిక సంస్థలవాళ్లు. ఎక్కడో యంత్రం మొరాయిస్తే అవతలివాళ్లకి ఫోను చెయ్యాలి కదా! అందరికీ అందరూ తెలిసిన చిన్న ఊరి మర్యాద అది. ఊరు ప్రపంచమంత అయ్యాక కూడా అదే మర్యాద పట్టుకుని కూర్చోవడమే తప్పు.

కొందరు గడుసుగా దొంగ పేరు, లేని వీధి రాసేస్తుంటారు. డాట్ కామ్ వంటి పేర్లకైతే కావాలని తప్పుడు వివరాలిచ్చినా, రిజిస్ట్రార్ అడిగినప్పుడు 15 రోజులకు మించి బదులివ్వకపోయినా పేరు ఊడిపోవచ్చు. అంతకంటే ప్రాక్సీ నయం. రిజిస్ట్రార్ దగ్గర నిజం ఉంటుంది, లోకానికి మాత్రం వేరే కంపెనీ పేరు కనిపిస్తుంది. అయితే ఇందులో ఓ మెలిక ఉంది. కాగితం మీద హక్కుదారు ఆ కంపెనీయే! బినామీ ఆస్తుల కథలు విన్న తెలుగువాళ్లకి ఇది విడమరచి చెప్పక్కర్లేదు. 2007లో రిజిస్టర్‌ఫ్లై అనే అమెరికా రిజిస్ట్రార్ కుప్పకూలి, ఇంటర్నెట్ పేర్ల వ్యవహారం చూసే ఐకాన్ దాని గుర్తింపు రద్దు చేసినప్పుడు, వివరాలు దాచుకున్నవాళ్లు ‘ఈ పేరు మాదే’ అని నిరూపించుకోలేక అవస్థపడ్డారు.

ఆఖరికి యూరప్ చట్టం దెబ్బతో కదలిక వచ్చింది. 2018 మే 25న జీడీపీఆర్ అమల్లోకి రావడంతో పేరు, వీధి, ఫోను వంటి వివరాలు జాబితాల్లోంచి చాలామటుకు మరుగున పడ్డాయి. 2025 జనవరిలో హూయిజ్ స్థానంలోకి ‘ఆర్‌డాప్’ అనే కొత్త పద్ధతి వచ్చింది. అలాగని పూర్తిగా నిశ్చింత లేదు. రాష్ట్రం, దేశం కనిపిస్తూనే ఉంటాయి. పాత జాబితాల నకళ్లు దాచి అమ్ముకునే వ్యాపారులున్నారు. 2010లో రాసిన అడ్రసుని ఇవాళ దాచినా వాళ్ల దగ్గర ఉండనే ఉంటుంది. పైగా అన్ని తోకలకీ ఒకే నియమం కాదు. డాట్ యూఎస్ పేర్లకి ప్రాక్సీ కుదరదని అమెరికా ప్రభుత్వం 2005లోనే తేల్చేసింది. అక్కడి తెలుగువాళ్లు చౌకగా వస్తోందని ఆ తోక తగిలించుకునే ముందు ఈ సంగతి చూసుకోవాలి.

ఇంటి అడ్రసు బదులు దుకాణం అడ్రసో, పోస్టాఫీసు బాక్సు నంబరో, విడిగా తీసుకున్న ఫోను నంబరో ఇవ్వవచ్చు. అవీ నిజమైనవే కాబట్టి పేచీ ఉండదు. ఈ-మెయిలు మాత్రం రోజూ చూసేదే ఇవ్వాలి. గడువు తీరుతోందన్న కబురు వచ్చేది దానికే. చాలా ఇళ్లల్లో సైటు తయారుచేసిన కుర్రాడే తన మెయిలు రాసేసి ఉంటాడు. అతనికి బెంగళూరులో ఉద్యోగం వచ్చి, ఆ మెయిలు చూడటం మానేశాక, రెన్యువల్ ఉత్తరాలన్నీ అందులోనే పోగుపడుతుంటాయి.