చెవి ఒప్పుకోకపోయినా పనికొచ్చే ఖర్చు

ఇంట్లో పాటలు వినడానికి మంచి సెట్టు అమర్చుకున్నవాళ్లందరికీ ఒక దశ వస్తుంది. ఆంప్లిఫయరు కొన్నాం, స్పీకర్లు కొన్నాం, ఇక గోడలోంచి వచ్చే కరెంటు సంగతి చూద్దాం అనిపిస్తుంది. పదవీ విరమణ డబ్బులో రూ.1,10,000 పెట్టి నేను సెట్టు కొన్న కొత్తలోనే షాపువాళ్లు నా ముందు ఇంకో అంచనా పెట్టారు. మీటరున్నర పవర్ కేబుల్ రూ.22,000, కరెంటును శుద్ధి చేసే కండిషనరు రూ.68,000. కలిపి తొంభై వేలు.

నా పెన్షనుకు అది పెద్ద మొత్తం. ఏడు శాతం వడ్డీతో, మూడు నెలలకోసారి చక్రవడ్డీ కలిసే డిపాజిట్లో వేస్తే, పన్ను మాట పక్కన పెడితే, పదేళ్లకు లక్షా ఎనభై వేలవుతుంది. అందుకని ముందు ఒక వరస పెట్టుకున్నాను. శబ్దంలో ఏ తేడా రాకపోయినా ఇంటికి పనికొచ్చే ఖర్చు మొదట. తేడా వినిపిస్తేనే విలువున్న ఖర్చు ఆ తర్వాత. ఆ రెండో రకం ఖర్చు ఏదైనా సరే, స్పీకర్లలో వినిపించే మోతకు కారణం ఫలానా అని వేలు పెట్టి చూపగలిగితేనే.

మోత ఉన్న మాట నిజం. పాట ఆగినప్పుడు స్పీకర్లలోంచి సన్నగా గుయ్యిమనేది. సినిమా పాటల్లో దాన్ని పట్టించుకోనక్కర్లేదు. శాస్త్రీయ సంగీతంలో మాత్రం భరించడం కష్టం. మన కరెంటు 50 హెర్ట్జ్. ఆంప్లిఫయరు లోపల దాన్ని డీసీగా మార్చినప్పుడు మిగిలే అల 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఒకటిన్నర శ్రుతిలో పాడే గాయకుడి తంబురాలో పంచమం తీగ మోగేది దాదాపు 104 హెర్ట్జ్ దగ్గర. అంటే ఈ మోత పంచమానికి కాస్త కిందగా, శ్రుతి తప్పి మోగుతుంది. బాలమురళీకృష్ణ గారి ఆలాపనలో ఆయన మౌనం వహించి తంబురాకు చోటిచ్చిన క్షణాల్లో ఆ పక్క శ్రుతి చెవిలో ముల్లులా తగిలేది. దాన్ని పోగొట్టడానికి ఖర్చు పెట్టడం నా దృష్టిలో విలాసం కాదు.

కారణం వెతకడానికి పైసా కాలేదు. ఒక్కొక్క వైరూ పీకి చూడటమే. టీవీ సెట్‌టాప్ బాక్సు నుంచి ఆంప్లిఫయరుకు వచ్చే వైరు తీస్తే మోత సగానికి పైగా తగ్గింది. ఫ్యాను పూర్తి వేగంలో పెడితే బుర్రుమనే ఇంకో చప్పుడు మాయమైంది. రెగ్యులేటరు తగ్గిస్తే మళ్లీ వచ్చింది. ఆంప్లిఫయరు లోహపు ఒంటికి చెయ్యి ఆనిస్తే సన్నగా జివ్వుమనేది. ఈ మూడింటికీ మూడు కారణాలున్నాయి. మూడూ కేబుల్ ధరతో సంబంధం లేనివి.

జివ్వుమనడం ఎర్తింగ్ సరిగా లేదన్నదానికి గుర్తు. టీవీలు, కంప్యూటర్ల లోపల ఉండే ఫిల్టర్లు కొద్దిపాటి కరెంటును ఎర్తు వైపు వదులుతుంటాయి. ఎర్తు దారి సరిగా లేకపోతే ఆ కరెంటు పాటను మోసే వైరు పైతొడుగు గుండా దారి వెతుక్కుంటుంది. అదే స్పీకర్లో మోతగా వినిపిస్తుంది. విజయవాడలో మా ఇల్లు పాతది. పెరట్లో ఎర్తు గుంత ఉందిగానీ బొగ్గూ ఉప్పూ ఎండిపోయి, పైపుకు బిగించిన తీగ తుప్పు పట్టింది. ఎలక్ట్రీషియన్ మల్టీమీటరు పెట్టి న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య 14 వోల్టులు చూపించాడు. “మాస్టారూ, పాటల సంగతి తర్వాత. ముందు గీజరున్న ఇంట్లో ఇలా ఉండకూడదు” అన్నాడు. ఆ మాటతో నా వరస ఖాయమైపోయింది.

కొత్త ఎర్తు గుంతకు రూ.7,500 అయింది. మెయిన్ బోర్డు నుంచి సెట్టు ఉన్న గదికి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుతో వేరే లైను, దానికి సొంత ఎంసీబీ, గోడకు కొత్త 16 ఆంపియర్ల సాకెట్టు వేయించడానికి రూ.6,000. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే ట్రిప్ అయ్యే ఆర్‌సీసీబీకి రూ.2,500. పిడుగుపాటు, వోల్టేజి పోటు నుంచి కాపాడే పరికరం బోర్డులోనే పెట్టించడానికి రూ.3,000. ఫ్యానుకు కెపాసిటరుతో పనిచేసే మెట్ల రెగ్యులేటరుకు రూ.400. పాత ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు కరెంటు అలను ముక్కలుగా కోసి ఫ్యానుకు ఇస్తుంది. ఆ కోతే బుర్రుమనే చప్పుడు. మెట్ల రెగ్యులేటరు అలను కోయదు. మొత్తం రూ.19,400.

ఇందులో ఆర్‌సీసీబీ, ఎర్తింగ్ నా భార్య ప్రాణానికి, నా ప్రాణానికి. పోటును ఆపే పరికరం ఫ్రిజ్జుకూ టీవీకీ కూడా. పాట ఒక్క పిసరు మెరుగుపడకపోయినా ఈ డబ్బు వృథా అయ్యేది కాదు. నిజానికి బాగా మెరుగుపడింది. న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య తేడా రెండు వోల్టుల లోపుకు దిగింది, ఒంటి మీది జివ్వు పోయింది. సెట్‌టాప్ బాక్సు, టీవీ, ఆంప్లిఫయరు అన్నీ ఒకే సాకెట్టు బోర్డు మీదకు తెచ్చాక తంబురా పంచమం ఒంటరిగా వినిపించింది. వేసవిలో ఎర్తు గుంతలో బకెట్టు నీళ్లు పోయడం ఇప్పుడు నా పని.

మోత వదిలించుకోవడానికి ప్లగ్గులో ఎర్తు పిన్ను విరిచేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. మోత తగ్గుతుంది కూడా. కానీ లోపల ఏ వైరైనా ఊడి లోహానికి తగిలితే ఆంప్లిఫయరు ఒళ్లంతా 230 వోల్టులే. రూపాయి ఖర్చులేని ఈ సలహా అన్నిటికన్నా ఖరీదైనది. దయచేసి ఎవరూ చెయ్యొద్దు.

ఇక రెండో రకం ఖర్చు. షాపువాళ్లు కేబుల్‌ను వారం పాటు ఇంటికిచ్చారు. మా అమ్మాయి ఆంప్లిఫయరు ఆపి, ఏ కేబుల్ పెట్టిందో చెప్పకుండా మళ్లీ వేసేది. వాల్యూము ముట్టుకోలేదు, పాట మార్చలేదు. నా జవాబులు బొమ్మాబొరుసూ వేసి చెప్పినట్టే వచ్చాయి. అది నాకు ఆశ్చర్యం కలిగించలేదు. మా వీధి ట్రాన్స్‌ఫార్మరు నుంచి అల్యూమినియం తీగల మీదుగా, పది ఇళ్ల మోటార్లనూ బల్బులనూ దాటుకుని వచ్చే కరెంటును చివరి మీటరున్నర రాగి కడగలేదు. ఆ కడిగే పని ఆంప్లిఫయరు లోపలి ట్రాన్స్‌ఫార్మరూ డయోడ్లూ పెద్ద కెపాసిటర్లూ చేస్తాయి. అందుకే వాటి నాణ్యతకు డబ్బు పెట్టాలంటాను. కేబుల్ తిరిగి ఇచ్చేశాను.

కండిషనరు వద్దనుకోవడానికి ఇంకో లెక్క కూడా తోడైంది. నాకు చూపించిన దాంట్లో పెద్ద ట్రాన్స్‌ఫార్మరుంది. పాట వినకపోయినా అలాంటిది ఇరవై వాట్ల దాకా తింటుందనుకున్నా, రోజంతా ఆన్‌లో ఉంచితే నెలకు 14 యూనిట్లకు పైనే. శ్లాబు అంచున ఉన్న ఇంటి బిల్లులో అది చిన్న విషయం కాదు. నో కాస్ట్ ఈఎంఐ ఇస్తామన్నారు. దాంట్లో వడ్డీ మొత్తాన్ని డిస్కౌంటుగా ముందే తగ్గించినా, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, బ్యాంకు ప్రాసెసింగ్ ఫీజూ కార్డు బిల్లులో పడతాయి. ఈఎంఐ ఉందన్నది కొనడానికి కారణం కాకూడదని నా పట్టుదల.

కారణం తెలిసి పెట్టే ఖర్చు ఎంత పెద్దదైనా నాకు గౌరవమే. టోక్యోలో ఒక వృద్ధ న్యాయవాది దాదాపు 10,000 డాలర్లు పెట్టి తన ఇంటికి సొంత కరెంటు స్తంభం, దాని మీద సొంత ట్రాన్స్‌ఫార్మరు వేయించుకున్నారని 2016లో వాల్ స్ట్రీట్ జర్నల్ రాసింది. నా శక్తికి మించినదే, కానీ పక్కిళ్ల చప్పుడును మూలంలో తెంచే పని అది. ఇన్వర్టరు విషయంలో నేను చేసిందీ ఆ దారిలోదే. పాత స్క్వేర్ వేవ్ ఇన్వర్టరు మీద కరెంటు పోయినప్పుడల్లా స్పీకర్లు గోలపెట్టేవి. దాన్ని వెంటనే తీసేయలేదు. దాని వయసు అయిపోయి ఎలాగూ మార్చాల్సి వచ్చినప్పుడు సైన్ వేవ్‌ది తీసుకున్నాను. సంగీతం ఖాతాలో రాసుకున్నది రెండింటి ధరల మధ్య తేడా మాత్రమే.

తొంభై వేలలో ఎర్తింగ్ పనులు పోగా మిగిలిన రూ.70,600 డిపాజిట్లో ఉంది. ఆంప్లిఫయరు లోపలి కెపాసిటర్లకు వయసు మీద పడి మార్చాల్సిన రోజు వస్తే ఆ డబ్బు వాటికే.

ఈ మధ్య మా మేనల్లుడు అమెరికా నుంచి తిరిగి వస్తూ తన ఆంప్లిఫయరు, రికార్డు ప్లేయరు తెచ్చుకోవాలా అని అడిగాడు. కరెంటు కోసం ఖర్చు నిజంగా తప్పనిసరయ్యే సందర్భం ఇదే. అక్కడి సామాను 120 వోల్టులది, కాబట్టి తగినంత సామర్థ్యమున్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కావాలి. అది వోల్టులను తగ్గిస్తుందిగానీ 50 హెర్ట్జ్‌ను 60 చేయదు. అతని ప్లేయరులోది ఏసీ సింక్రనస్ మోటారు. ఇక్కడ అది ఆరింట ఐదు వంతుల వేగంతోనే తిరిగి, పాట మూడు స్వరస్థానాలు కిందికి దిగుతుంది. 50 హెర్ట్జ్‌కు సరిపడే పుల్లీ తయారీదారు దగ్గర దొరుకుతుందేమో ముందు కనుక్కోమన్నాను. దొరుకుతుందని తెలిశాకే షిప్పింగుకు డబ్బు కట్టాడు. ఆంప్లిఫయరును మాత్రం అక్కడే అమ్మేశాడు. ట్రాన్స్‌ఫార్మరు ధర, షిప్పింగు కలిపితే ఇక్కడ కొత్తదానికి దగ్గరగా వస్తోంది.