టైల్సు వెనుక గోడ

మాది రంగారెడ్డి జిల్లా యాచారం, ఇబ్రహీంపట్నం మీదుగా నాగార్జునసాగర్ పోయే దారిలోని ఊరు. మా తాతలు రాయి, మట్టి పెట్టి కట్టిన ఇల్లు మాది. అన్నదమ్ములు వేరుపడినప్పుడు అది రెండు భాగాలైంది. మా వంటింటి గోడకు అవతల అన్నగారి గింజల గది. గోడ ఒక్కటే, కాపురాలు రెండు.

2009లో మా అమ్మాయి పెండ్లి కుదిరింది. పొయ్యి వెనుక గోడ నల్లబడి, పెచ్చులూడి ఉన్నది. వచ్చిన చుట్టాలు చూస్తే ఏమనుకుంటారోనని మాకు దిగులు. పట్నం నుండి తెల్లని టైల్సు తెచ్చి, గట్టు మీద నాలుగడుగుల ఎత్తు వేయించ పూనుకున్నాము. మేస్త్రీ గోడను చేత్తో తడిమి, "అమ్మా, చెమ్మ ఉన్నది. ఆరినాక వేద్దాం" అన్నాడు. పెండ్లి దగ్గరపడింది, వేసెయ్యమన్నాము. వేశాడు. వచ్చినవారందరూ వంటిల్లు బాగున్నదన్నారు.

కొన్నేండ్లకు టైల్సు పైభాగాన సున్నం ఉబ్బి రాలసాగింది. అవతల గదిలో జొన్న బస్తాలకు బూజు పట్టింది. వదిన అడిగితే, "మీ వాకిట్లో నీళ్లు నిలుస్తున్నవి, ఆ చెమ్మే ఇటు వస్తున్నది" అన్నాము. మాటకు మాట పెరిగింది. రెండేండ్లు మా మధ్య పలకరింపు లేదు. ఆదివారం ఒకే మందిరములో వారొక మూల, మేమొక మూల కూర్చున్నాము.

పోయిన ఎండాకాలం ఒక టైలు దానంతట అదే ఊడి గట్టు మీద పడింది. మిగతావాటిని వేలితో తట్టి చూస్తే చాలా వరకు బోలుగా మోగినవి. ఇక తీయక తప్పలేదు. ఆ గోడలో కరెంటు వైరు, నీళ్ల పైపు రెండూ ఉన్నవి గనుక ముందు మెయిన్ ఆపి, ట్యాంకు వాల్వు మూసివేశాము. కడప బండ పగులకుండ గట్టు మీద గోనెసంచులు పరిచాము. ముక్కుకు గుడ్డ, కండ్లకు అద్దాలు పెట్టుకున్నాము. మేస్త్రీ ఉలిని ఏటవాలుగా పెట్టి సుత్తితో మెల్లగా తట్టుతుంటే ఒక్కొక్క టైలు సిమెంటు పెచ్చుతో సహా వచ్చింది. గట్టిగా కొడితే మట్టి గోడలో రాళ్లు కదులుతాయన్నాడు.

సగం తీసేసరికి గోడంతా తెల్లని ఉప్పు పూత, నల్లని బూజు. ఇంకా కిందికి పోగా మా కుళాయి పైపు ఎల్బో కనబడింది. తుప్పు పట్టిన ఆ అతుకు చుట్టూ మట్టి బురదై ఉన్నది. వాల్వు ఒక్కసారి తిప్పి చూస్తే బొట్టు బొట్టుగా నీరు కారింది. అన్నగారి వాకిలి నీళ్లు కావు, మా నీళ్లే! గోడలో చేరిన నీరు ఉప్పును కరిగించుకొని పైకి వస్తుంది. నీరు ఆరిపోతుంది, ఉప్పు మిగులుతుంది. టైల్సు ఉన్నచోట ఆరే దారి లేక ఆ చెమ్మ పైకీ అవతలికీ పాకింది. అందానికి మేము వేసిన మూతే అన్నగారి గింజలను పాడుచేసింది.

ఈ సంగతి మాకు, మేస్త్రీకి తప్ప ఎవరికీ తెలియదు. పైపు మార్చి, మళ్లీ టైల్సు వేస్తే అయిపోతుంది. నిజం చెప్పాలంటే ఆ ఆలోచన మాకు వచ్చింది. ఆ రాత్రి లేవీయకాండము 14వ అధ్యాయము జ్ఞాపకమునకు వచ్చింది. ఇంటి గోడలో పొడ కనబడితే రాళ్లు ఊడదీసి, గోడ గీకించి, వేరే రాళ్లు పెట్టి, కొత్త అడుసు పూయాలని అందులో ఉన్నది. ఎన్నోసార్లు చదివి దాటిపోయిన మాటలే. కాని అన్నిటికంటే ముందు ఆ ఇంటి యజమానుడే పోయి తన ఇంటి సంగతి చెప్పుకోవాలి. తెల్లవారి అన్నగారిని పిలుచుకొని వచ్చి, అతుకు చూపించి, "తప్పు మాదే" అన్నాము. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. గోడ మీద చెయ్యి పెట్టి, "ఆరనియ్యి తమ్మీ, ఈసారి తొందరపడకు" అన్నాడు.

కొత్త పైపును గోడలో పూడ్చక, పైకి కనబడేటట్టు బిగించాము. ఆరు వారాలు గోడను అట్లాగే వదిలి, వసారాలో వండుకున్నాము. ఉప్పును నీళ్లతో కడిగితే మళ్లీ లోపలికే పోతుందని పొడి బ్రష్షుతో గీకి బయట పారబోశాము. వదులు మట్టి తీసి, సందుల్లో చిన్న రాళ్లు దూర్చాము. ఒక పాలు సిమెంటు, ఒక పాలు సున్నం, ఆరు పాళ్లు ఇసుక కలిపి మేస్త్రీ రెండు పూతలు పూశాడు. వట్టి సిమెంటు మట్టి గోడను సరిగా పట్టుకోదు, చెమ్మను బయటికి రానివ్వదు అన్నాడు. వారం రోజులు నీళ్లు చిలకరించి, తర్వాత ఆరనిచ్చి సున్నం వేశాము. పొయ్యి వెనుక మాత్రం ఒక తాండూరు బండను అంటించకుండ నిలబెట్టాము. ఎప్పుడైనా పక్కకు జరిపి వెనుక గోడ చూసుకోవచ్చు.

పాడైన గింజలకు బదులు ఒక బస్తా జొన్నలు తీసుకొనిపోతే అన్నగారు వద్దన్నారు. వదిన మాత్రం సగం ఉంచుకొని, ఆ సాయంత్రమే రొట్టెలు చేసి మమ్మును పిలిచింది.

ప్రియులారా, మీ ఇంట గోడ చెమ్మగిల్లితే దాని మీద ఏదైనా అంటించకముందు నీరు ఎక్కడిదో వెదకండి. మొదట మీ కుళాయి దగ్గరే వెదకండి.