ఇసుక కింద పండే దుంప

ఆఫ్రికా పడమటి తీరానికి ఎదురుగా, అట్లాంటిక్ మహాసముద్రంలో, స్పెయిన్ ఏలుబడిలోని కానరీ దీవులలో లాన్సరోతే ఒకటి. ఏడాదికి అక్కడ కురిసే వాన సుమారు 150 మిల్లీమీటర్లు. మన అనంతపురం వానలో మూడో వంతైనా లేదు. 1730 నుంచి 1736 వరకు అగ్నిపర్వతాలు కక్కిన లావా సారవంతమైన పొలాలెన్నింటినో కప్పివేసింది. అటువంటి దీవిలోని గూయిమే గ్రామంలో 2004లో ఒక రైతు పండించిన చిలగడదుంప ఎంత తూగిందో తెలుసా? 37 కిలోలు! అది ప్రపంచ రికార్డు కెక్కింది.

ఈ దీవి చిలగడదుంపకు పేరు తెచ్చినది ‘హాబ్లే’ అనే ఇసుక మేట. ఉత్తర తీరం నుంచి గాలి మోసుకువచ్చిన గవ్వల పొడి అది. రైతులు ఇసుకను తోడి, అడుగునున్న మన్నులో తీగ ముక్కలు నాటుతారు. పైనున్న ఇసుక తేమను ఆవిరి కానీయదు. గాలికి మొక్కలు పూడిపోకుండా గడ్డి దడులు కడతారు. గడ్డకట్టే చలి లేదు కనుక తీగ నెలల తరబడి ఎదుగుతుంది. గుల్లనేలలో దుంప ఊరడానికి అడ్డేమీ ఉండదు. పెరట్లో పెద్ద దుంపను కోరి ఎరువు గుమ్మరించేవారు ఇది గమనించాలి: నత్రజని మించితే ఆకులే గుబురుగా పెరుగుతాయి. తవ్వేటప్పుడూ తొందర పనికిరాదు. గునపం మొన తగిలిన దుంప నిలవ ఉండదు.

గత శతాబ్దిలో విహారయాత్రికుల కోసం కట్టడాలు వెలిసినప్పుడు ఆ ఇసుకనే నిర్మాణాలకు తరలించారు. పొలం పని విడిచి ఎందరో హోటళ్లకు పోగా, చాలా మడులు బీడుపడ్డాయి. మిగిలినవాటిలో నేటికీ ఇసుక తోడి తీగ నాటేవారున్నారు.