నాన్న వీడియో, నా బ్రౌజరూ

నాన్న సంవత్సరీకానికి ఓ వీడియో చేసిపెట్టమంది అమ్మ. నలభై పాత ఫోటోలు, ఫోన్లో మిగిలిపోయిన నాన్న గొంతు ఒక నిమిషం. అంతే. రోజూ కోడు రాసేవాడికి ఇదో పనా అనుకున్నా.

ఏదో ఉచిత వెబ్‌సైటు తెరిచి ఫోటోలు ఎక్కించబోతున్నా. అమ్మ పక్కనే కూర్చుంది.

"ఇవన్నీ ఎక్కడికి పోతాయిరా?"

"సర్వర్‌కమ్మా."

"ఎవరిది?"

నాకు తెలిస్తే కదా! ఆరేళ్ళుగా ఈ ఫీల్డులోనే ఉన్నాను, అలాంటి సైట్ల షరతులు ఒక్కసారైనా చదివిన పాపాన పోలేదు. ట్యాబ్ మూసేశా.

సరే, బ్రౌజర్‌లోనే చేద్దామని కూర్చున్నా. మొదట మీడియారికార్డర్ వాడాను. కాన్వాస్ మీద మనం బొమ్మలు మారుస్తుంటే అది రికార్డు చేస్తుంది, పెళ్ళి వీడియో తీసేవాడిలాగ. ఒక్కో ఫోటో నాలుగు సెకన్లు, మొత్తం 160 సెకన్లు. రికార్డింగూ అంతసేపే. మధ్యలో మెయిల్ చూద్దామని వేరే ట్యాబ్‌కి వెళ్ళొచ్చా. వెనక్కి పోయిన ట్యాబ్‌లో బ్రౌజర్ యానిమేషన్ ఆపేస్తుంది కదా, వీడియోలో నాన్న ఒకే ఫోటోలో నిలబడిపోయారు. మళ్ళీ తీస్తే, వెబ్ఎమ్ ఫైలుకి నిడివే లేదు! లైవ్‌లో రాసుకుంటూ పోయే ఫైలు, ఎప్పుడు ముగుస్తుందో దానికి మాత్రం ముందే ఎలా తెలుస్తుంది?

అప్పుడు వెబ్‌కోడెక్స్ వైపు చూశాను. క్రోమ్‌లో 2021లోనే వచ్చింది. మన మెషీన్లో ఉన్న ఎన్‌కోడర్‌ని నేరుగా వాడుకోనిస్తుంది. కాకపోతే చేతికిచ్చేది కుదించిన ముక్కలే. వాటిని వరసలో పెట్టి, ఏది ఎప్పుడు కనబడాలో రాసి, ఎంపీ4 డబ్బాలో సర్దాలి. ఆ సర్దుడుకి మీడియాబన్నీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ ఉంది, 2025లో వచ్చింది. సెకనుకి 25 ఫ్రేముల చొప్పున 4000 ఫ్రేములు. ఏ ఫ్రేము ఎప్పటిదో మనమే చెప్తాం: 0, 0.04, 0.08... గడియారంతో పనిలేదు, మెషీన్ ఎంత వేగంగా చేయగలిగితే అంత వేగం.

ఇంకో విషయం. ఫోటోల కింద ఊరూ, సంవత్సరమూ తెలుగులో వేశాను. ఒత్తులూ గుణింతాలూ బ్రౌజరే చక్కగా చూసుకుంది. ఫాంటు లోడయ్యేదాకా ఆగకపోతే మాత్రం మొదటి నాలుగు ఫోటోలకీ వేరే అక్షరాలు పడతాయి. నాకు పడ్డాయి :)

చివర్లో అమ్మని పిలిచి, ఆవిడ ముందే వైఫై ఆపేశాను. పేజీ అప్పటికే తెరిచి ఉంది, ఫోటోలు డిస్కు మీదే ఉన్నాయి. బటన్ నొక్కితే వీడియో తయారైంది. చివర్లో నాన్న గొంతు వినబడింది. ఇద్దరం కాసేపు ఏం మాట్లాడలేదు.

"ఇప్పుడిది ఎవరి దగ్గరుంది?" అంది.

"మన దగ్గరేనమ్మా. ఇంకెక్కడా లేదు."

వీడియో చేయడానికి సర్వర్ ఉండాల్సిందే అనుకునే రోజులు పోయాయి. అయినా అలవాటు కొద్దీ మనం రాసే అప్లికేషన్లలో 'అప్‌లోడ్' బటన్ పెట్టేస్తూనే ఉన్నాం. అది నిజంగా అవసరమా అని ఈసారి డిజైన్ మీటింగులో ఒక్కసారి అడగండి. మా అమ్మ అడిగినట్టే.

మర్నాడు పొద్దున్నే ఆవిడే ఆ వీడియోని చుట్టాల గ్రూపులో పెట్టేసింది లెండి. పెట్టనీండి. ఎవరికి చూపించాలో తేల్చుకున్నది ఆవిడ, ఊరూపేరూ తెలియని సర్వర్ కాదు.