ఎదురు వచ్చేవారి హక్కు

మా ఇంటి బుల్లెట్టు 1971లో తయారైంది. మద్రాసు శివారు తిరువొత్తియూరులోని ఎన్‌ఫీల్డ్ కర్మాగారంలో పుట్టి, ఇద్దరి చేతులు మారి అబ్బాజాన్ దగ్గరకు వచ్చింది. ఆయన అల్లాహ్ సన్నిధికి చేరి నాలుగేళ్ళయింది. వారసత్వం పంచుకొన్నప్పుడు ఇంటిని, పొలాన్ని షరీఅత్ ప్రకారం లెక్క కట్టుకొన్నాము. సంతానం ఉన్నందువల్ల అమ్మీకి ఎనిమిదో వంతు. మిగిలినదానిలో కుమార్తె భాగానికి కుమారుని భాగం రెట్టింపు. బండి దగ్గరకు వచ్చేసరికి మాత్రం కలం ఆగింది. అమ్మి సొమ్ము పంచుకోవడానికి ఎవరికీ మనసొప్పలేదు. అందరి అంగీకారంతో దానిని ఉమ్మడిగానే ఉంచుకొన్నాము. కాబట్టి దానికి దీపం మార్చాలన్నా బెంగళూరులో ఉన్న అక్కను అడగవలసిందే. ఆమె వాటా కూడా అందులో ఉంది మరి.

ఈ ఎండాకాలం ఆ దీపం బాగా మసకబారింది.

అనంతపురం పీఠభూమిలో ఏడాదికి కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే ఉంటుంది. అదైనా అదనుకు కురవదు. వేరుసెనగ ఎండిన ఏడాది పల్లెలు బెంగళూరు బస్సెక్కుతాయి. అలా పనులకు వెళ్ళినవారు పండుగకో, చావుకో తిరిగి వచ్చేది రాత్రి బస్సుల్లోనే. పెద్ద రోడ్డు మీద దిగితే మా ఊరికి ఇంకా ఐదు మైళ్ళు. చేతిలో ఫోన్లు లేని ఆ రోజుల్లో అబ్బాజాన్ ఇషా నమాజు తరువాత ఒకసారి క్రాసు దాకా వెళ్ళి చూసి వచ్చేవారు. ఎవరైనా దిగి ఉంటే ముసలివారిని, పసివారిని, మూటలను ముందు చేరవేసేవారు. వయసులో ఉన్నవారు వెనుక నడిచి వచ్చేవారు. హిందువులా ముస్లిములా అని ఆయన చూసింది లేదు. ఆ బండిని జనం దూరం నుంచి గుర్తుపట్టేది పెద్ద దీపాన్ని బట్టి కాదు, దానికి ఇరువైపులా ఉండే రెండు బుల్లి దీపాలను బట్టి. మేము చిన్నప్పుడు వాటిని పులికళ్ళు అనేవాళ్ళం.

ఇప్పుడు ఆ బండి మీద తమ్ముడు తెల్లవారక ముందే పాలకేంద్రానికి వెళ్తాడు, రాత్రి పొలం నుంచి తిరిగి వస్తాడు. దారిలో గొర్రెల మందలుంటాయి. దీపం లేని ఎడ్లబండ్లుంటాయి. పగలంతా ఎండకు జడిసి చల్లపొద్దున నడక సాగించే వృద్ధులుంటారు.

దీపం మార్చాలనడంలో భేదం లేదు, ఎలా మార్చాలన్న దానిమీదే ఇంట్లో మూడు మాటలయ్యాయి. మేనల్లుడు తెల్లగా మెరిసే ఎల్‌ఈడీ బిగిద్దామన్నాడు. అక్క ఫోనులో, "అబ్బాజాన్ చేయి పడిన వస్తువు, స్క్రూ కూడా మార్చవద్దు" అన్నది. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం యాభై ఏళ్ళు దాటిన బండ్లను వింటేజ్ వాహనాలుగా నమోదు చేసుకొనే నియమాలు తెచ్చిందని, మార్పులు చేస్తే ఆ అర్హత పోతుందని ఆమె వాదన. అది నిజమే. అయితే అలా నమోదైన బండిని నిత్యం రోడ్డు మీద నడపరాదన్నది కూడా ఆ నియమాల్లోనే ఉంది. పాల క్యాను మోసే బండికి ఆ గౌరవం ఎందుకు? మాది ఐదేళ్ళకొకసారి రిజిస్ట్రేషను పొడిగించుకొనే మామూలు బండి. అమ్మీ అంతా విని, "మనకు దారి కనబడాలి, ఎదుటివారికి కళ్ళు కనబడాలి. అంతే" అన్నది.

పట్నంలో మా మెకానిక్ ఉస్తాద్ ముందు బల్బు జోలికి పోలేదు. మీటరు తీశాడు. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర ఆరున్నర వోల్టులు, బల్బు హోల్డరు దగ్గర 5.6. మధ్యలో పోయినది ఒక్క వోల్టు కూడా కాదు కదా అనిపిస్తుంది. కానీ ఫిలమెంటు బల్బుల స్వభావం వేరు. వోల్టేజీ పదింట ఒక వంతు తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం తగ్గుతుంది. మా లెక్కన వెలుగులో 40 శాతం తీగల్లోనే ఆవిరైపోతున్నది. పాత బండ్లలో దీపానికి వెళ్ళిన కరెంటు బండి ఇనుము గుండానే తిరిగి వస్తుంది. హ్యాండిలు తిరిగేచోట తుప్పు, ఎండిన గ్రీజు పేరుకొంటే ఆ దారి మూసుకుపోతుంది. పైగా లోపలి అద్దపు గిన్నె మీద పూత నల్లబడి ఉంది. ఎన్ని బల్బులు మార్చినా ఏం లాభం!

ఆ గిన్నెను చేతిలోకి తీసుకొని చూసినప్పుడు ఇబ్నుల్ హైసమ్ గుర్తుకు వచ్చారు. బస్రాలో పుట్టి కైరోలో జీవితం గడిపిన ఆ విద్వాంసుడు వెయ్యేళ్ళ క్రితమే ఈ ఆకారపు దర్పణాల మీద గ్రంథం రాశారు. సూర్యకిరణాలను ఒకే బిందువు దగ్గర పోగుచేసి నిప్పు పుట్టించే దర్పణాలవి. బండి దీపం దానికి తలకిందుల పని చేస్తుంది: ఆ బిందువు దగ్గర ఫిలమెంటును ఉంచితే కిరణాలు ఒకదానికొకటి సమాంతరంగా దూరానికి సాగుతాయి. డిమ్ము ఫిలమెంటును ఆ బిందువుకు కొంచెం ముందుకు జరిపి, హ్యాలోజెన్ బల్బులో దాని కింద చిన్న రేకు దోసిలి పెడతారు. వెలుగు గిన్నె పైభాగానికి మాత్రమే తగిలి నేల వైపు దిగుతుంది. ఫిలమెంటు కోసం మలచిన గిన్నెలో చౌకరకం ఎల్‌ఈడీ పెడితే వెలుగు పుట్టే చోటే మారిపోతుంది. నడిపేవానికి తెల్లని కాంతి కనబడుతుంది, నిజమే. ఎదుటివారికి మాత్రం అది కళ్ళలో కారం. మేనల్లునికి ఈ సంగతి ఉస్తాద్ గోడ మీద రెండూ వేసి చూపించాడు.

చివరకు ఆరు వోల్టుల నుంచి పన్నెండుకు మారాము. అదే 35 వాట్ల బల్బుకు ఆరు వోల్టుల దగ్గర దాదాపు ఆరు ఆంపియర్లు కావాలి, పన్నెండు దగ్గర మూడు చాలు. తీగల్లో వృథా నాలుగో వంతుకు పడిపోతుంది. కాయిళ్ళు, రెగ్యులేటరు, బ్యాటరీ, హారను, బల్బులన్నీ మారాయి. దీపం నుంచి బ్యాటరీ దాకా వేరే ఎర్తు తీగ లాగించాము. కొత్త గిన్నె, కొత్త అద్దం వేశాము. పై డొప్ప, రిమ్ము మాత్రం అబ్బాజాన్ తుడిచినవే. అక్క అక్కడికి సమాధానపడింది. హ్యాలోజెన్ బల్బు బిగించేటప్పుడు ఉస్తాద్ మా చేతులను దగ్గరకు రానివ్వలేదు. వేలి జిడ్డు అంటిన గాజు వేడికి త్వరగా చెడిపోతుందట. కాగితంతో పట్టుకొని కూర్చోబెట్టాడు.

మిగిలినది దీపం ఎత్తు సరిచేయడం. చాలామంది దీనిని పట్టించుకోరు. మా ఉద్దేశంలో సగం పని ఇదే. మగ్రిబ్ నమాజు ముగిశాక మా సందులోని గోడకు 25 అడుగుల దూరంలో బండిని నిలిపాము. దీపం నడిమధ్య ఎత్తును గోడ మీద సుద్దతో గీశాము. తమ్ముణ్ణి ఎక్కించి, వెనుక మేనల్లుణ్ణి కూర్చోబెట్టాము. వెనుక బరువు పడితే ముందు దీపం ఆకాశం వైపు లేస్తుంది. ఇద్దరూ కూర్చున్నా డిమ్ము వెలుగు ఆ గీతకు దిగువనే ఉండేటట్లు సరిచేశాము.

దారి పక్కన కూర్చునేవారు దారికి దాని హక్కును ఇవ్వాలని దైవప్రవక్త (సఅసం) బోధించారు. చూపు దించుకోవడం, ఎవరికీ బాధ కలిగించకుండా ఉండడం, సలాముకు బదులివ్వడం ఆ హక్కుల్లోవి. బండి చూపు కూడా దించవలసిందేనని మేనల్లుడు ఇప్పుడు నవ్వుతూ అంటున్నాడు. కొత్త మోటారు సైకిళ్ళకు 2017 ఏప్రిల్ 1 నుంచి పట్టపగలు కూడా ముందు దీపం వెలిగే ఏర్పాటు తప్పనిసరి చేశారు. పగలు దారి చూడడానికి దీపం అవసరమా? ఎదుటివారు మనల్ని చూడడానికే కదా! ఈ మాట చెప్పాకే అమ్మీకి ఆ నిబంధన మీద కోపం తగ్గింది. అంతవరకూ అది కరెంటు దుబారా అనేది.

పోయిన వారం తమ్ముడు గొర్రెల మంద ఎదురైనప్పుడు డిమ్ము చేసి ఆగాడట. కాపరి కంటికి చేయి అడ్డం పెట్టుకోకుండానే దగ్గరకు వచ్చి, బండిని పరికించి, "మీ నాయన బండి కదప్పా ఇది" అన్నాడట.

పులికళ్ళలో ఒకటే వెలుగుతున్నది. రెండో దానికి పన్నెండు వోల్టుల బుల్లి బల్బు అనంతపురం అంగళ్ళలో దొరకలేదు. బక్రీదుకు వచ్చేటప్పుడు నాలుగు తెమ్మని అక్కకు చెప్పాము.