రెండు సెకండ్ల మెఱుపు

మా యింట నొక కాసులపేరు గలదు. అది మా యమ్మమ్మది. నలుబది యేండ్ల క్రిందట మా యక్కకు కుదిరిన సంబంధము, ఆ పేరునకు తొమ్మిది కాసులు తక్కువయినవని వరుని వారు చెప్పుటచేత తప్పిపోయినది. పిమ్మట అక్క పెండ్లి మాట యెత్తనీయలేదు; బడిలో ఉపాధ్యాయినియై మమ్ములను చదివించినది. పేరు పెట్టెలో నుండిపోయినది. భౌతికశాస్త్రము చదువుచున్న మా యమ్మాయి మొన్న వేసవి సెలవులకు వచ్చి, దానిని చేతిలోనికి దీసికొని, “అమ్మా, ఈ బంగారము భూమిలో పుట్టినది కాదు సుమా!” అనెను. నేను నవ్వితిని. తరువాత రెండు రాత్రులు దానిని ప్రశ్నలతో విసిగించి తెలిసికొన్న సంగతులను తోడి గృహిణులకు చెప్పవలెనని యీ వ్రాత.

1967వ సంవత్సరమున అమెరికావారు వేలా యను ఉపగ్రహములను పైనుంచి, ఎవరైనను రహస్యముగా అణ్వస్త్రములు పేల్చుచున్నారేమో యని కావలి కాయుచుండిరి. ఆ కావలికి భూమినుండి గాక అంతరిక్షమునుండి వచ్చిన గామాకిరణముల మెఱుపు చిక్కెను. ఈ వింత 1973 దాక లోకమునకు వెల్లడి కాలేదు. పొరుగువాని ననుమానించుటకై పెట్టిన కన్ను నక్షత్రముల గుట్టు బయటపెట్టుట నాకు మిక్కిలి ముచ్చటగా తోచినది. తరువాతి లెక్కలలో ఆ మెఱుపులు రెండు తెగలుగా నేర్పడెను: రెండు సెకండ్లకు మించి నిలుచునవి, ఆలోపలనే యాఱిపోవునవి. పెద్దవి మహాతారలు కూలునపుడు పుట్టునని తేలినది గాని, పొట్టివాని పుట్టుక చిరకాలము ఊహగానే యుండెను.

ఆ యూహ యిది. కొన్ని మహాతారలు కూలిన పిమ్మట మిగిలిన గర్భము న్యూట్రాను తార యగును. సూర్యుని మించిన బరువు ఇరువది కిలోమీటర్ల వెడల్పు గల గోళములో కుదించుకొని యుండును. అట్టివి రెండు జంటగా తిరుగుచు, గురుత్వ తరంగముల రూపమున శక్తిని గోల్పోవుచు, చేరువై చేరువై తుదకు ఢీకొనును. అప్పుడు వాని యక్షము వెంబడి సన్నని ధార దాదాపు కాంతివేగముతో చిమ్మును. ఆ ధార పుట్టించు గామాకిరణములే ఈ మెఱుపు.

2017 ఆగస్టు 17వ తేదీన సాక్ష్యము దొరికినది. అమెరికాలోని లైగో యంత్రములు దాదాపు నూఱు సెకండ్లపాటు గురుత్వ తరంగములను పట్టెను. తారలు కలిసిన 1.7 సెకండ్లకు ఫెర్మి ఉపగ్రహమునకు గామా మెఱుపు తగిలెను. సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరముల దారి నడచిన యిరువురు దూతలు రెండు సెకండ్లయినను ఎడము లేక మన గడప త్రొక్కిరి! మెఱుపు మాత్రము బలహీనము. ధారను ప్రక్కనుండి చూచుటయే అందులకు కారణమని తరువాత తేలెను. శ్రీహరికోటనుండి 2015లో ఎగిరిన మన ఆస్ట్రోశాట్‌కు అప్పుడు భూమియే అడ్డు వచ్చినది. అది చూడకపోవుటయు ఆ చోటు నిర్ణయించుటకు అక్కఱకు వచ్చినదట.

ఆ రాత్రియే చిలీలోని దూరదర్శినులు ఎన్.జి.సి. 4993 అను గెలాక్సీలో క్రొత్త వెలుగును కనుగొనెను. నీలముగా పుట్టి కొన్ని దినములలో ఎఱ్ఱబాఱిన యా వెలుగు, బరువైన మూలకములు అచ్చట వండబడినవనుటకు గుఱుతు. అందు స్ట్రాన్షియము జాడ 2019లో బయటపడినది. బంగారమును ప్రత్యేకముగా నెవరును గుర్తింపలేదు; అది యుండవలెనని లెక్కలు చెప్పుచున్నవి. లోకములోని బంగారమంతయు ఇట్టి తాకుడులలోనే పుట్టినదా, వేఱు కొలుములును గలవా యను వాదము తీఱలేదు. పైగా 2021 డిసెంబరులో ఏబది సెకండ్లు నిలిచిన మెఱుపు వెనుకను ఇట్టి వెలుగే కానవచ్చి, రెండు సెకండ్ల గీతను కొంత చెఱిపినది.

ఇదంతయు మా యక్క మామిడికాయలు తఱుగుచు వినుచుండెను. తుదకు చేయి తుడుచుకొని, పేరును అరచేత నుంచుకొని, “ఆ రెంటిలో నేది యెక్కువ తూగినదే?” అని యడిగెను.

“రెండును గలిపి సూర్యునకు సుమారు 2.7 రెట్లు, పెద్దమ్మా. విడివిడి తూకము కచ్చితముగా తేలలేదు.”

“ఐతే తూకము తేలకయే కలిసిపోయినవన్నమాట!” అని అక్క నవ్వి, పేరు అమ్మాయి చేతికిచ్చి మరల కత్తిపీట యొద్దకు పోయెను.