ఉప్పెన ఎరిగిన ఊళ్లో

ఫిలిప్పీన్స్‌లోని లేటె దీవిలో టక్లోబాన్ నగరం. ఇక్కడ విడిగా ఎండాకాలం అంటూ లేదు. ఏడాది పొడవునా ఉక్కపోత, ఏడాది పొడవునా వాన. నవంబరు నుంచి జనవరి దాకా మరీ జోరు. కడవరి దిన పరిశుద్ధుల యేసుక్రీస్తు సంఘం మిషనరీగా దివిసీమ నుంచి నేనొచ్చింది ఈ ఊరికే.

ఉదయం 6:30కి లేవాలి. ప్రార్థన, వ్యాయామం, లేఖన పఠనం, ఆపైన ఇక్కడి వారాయ్ భాష సాధన. రాత్రి 10:30కి పడక. ఎక్కడికెళ్లినా జోడీ మిషనరీతోనే వెళ్లాలి. తెల్లచొక్కా, టై, ఛాతీ మీద నల్లటి పేరు బిళ్ల. పొద్దెక్కకముందే చొక్కా వీపుకు అతుక్కుపోతుంది. పుస్తకాలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి, గొడుగూ నీళ్ల సీసా సంచిలో పెట్టుకుని బయల్దేరతాం. సోమవారం బట్టలు ఉతుక్కుని ఇంటికి ఫోన్ చేసుకుంటాం. తీగ మీద బట్టలు ఆరేలోపే మళ్లీ జల్లు.

తుపాను హెచ్చరిక వస్తే తిరుగుడు బంద్. బకెట్లు నింపి, ఫోన్లు ఛార్జింగ్ పెట్టి, ఎండు తిండి సర్దుకుని గదిలో ఉంటాం. గాలి తగ్గగానే టై తీసేసి సుత్తీ మేకులూ పట్టుకుంటాం. ఎగిరిన రేకులు బిగించడం, ఇళ్లలో బురద ఎత్తడం అప్పటి పని.

2013 నవంబరు 8న యోలాండా తుపాను ఈ నగరం మీదికి ఉప్పెనను తోసుకొచ్చింది. ఫిలిప్పీన్స్‌లో 6,300 మంది చనిపోయారని ప్రభుత్వ లెక్క. తీరంలోని చాలా కుటుంబాలను తర్వాత ఉత్తరాన కట్టిన కాలనీలకు తరలించారు.

తీరంలోనే ఉండిపోయిన ఒక జాలరి ఇంట్లో పాఠం చెబుతుండగా వాన మొదలైంది. ఆ ఇంటావిడ లేచి మనవడి బడి పుస్తకాలు అటక మీదికి ఎక్కించింది. తర్వాత ఇక ఆమె చూపంతా తలుపు వైపే. నేను పుస్తకం మూసి మా నాయనమ్మ సంగతి చెప్పాను. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో ఆమె రాత్రంతా తుమ్మచెట్టును పట్టుకుని బతికింది. ఒళ్లంతా ముళ్లు గీరుకుపోయాయి.

"మళ్లీ అక్కడే ఇల్లు కట్టుకున్నారా?" అని అడిగిందావిడ.

"అక్కడే, నానాయ్ (అమ్మా). పొలం అక్కడే ఉంది మరి."

"మాకు వేట ఇక్కడే ఉంది," అంది. అప్పుడు తన కథ చెప్పింది. కొట్టుకుపోయిన పిల్లల పేర్లు ఒక్కొక్కటే చెప్పింది. ఆ సాయంత్రం మేం వింటూ కూర్చున్నాం.

దేవుడు ఆదుకుంటాడని చెప్పడానికే నేనిక్కడికి వచ్చాను. ఆ మాట నాకు ప్రాణం. కానీ సముద్రానికి పిల్లల్ని పోగొట్టుకున్న తల్లికి ఆ మాట చెప్పాలంటే ముందు ఆమె దుఃఖం మొత్తం వినాలి. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ మొదట వాళ్లనే చెప్పమంటాం. మా బోధ వద్దన్నవాళ్ల ఇంటి కప్పుకు కూడా రేకులు బిగిస్తాం. సేవంటే ఇదేనని ఈ తీరం నాకు నేర్పింది.